మిగిలిన నాలుగు సెకన్లు

పర్లాకిమిడి నుంచి గుమ్మాకి పొద్దుటి బస్సు.
ఒళ్లో లాప్‌టాప్ సంచీ, కాళ్ల దగ్గర ఎవరిదో పనసకాయ.
ఫిర్యాదు కాగితం మీద ఒక్కటే వాక్యం:
"మధ్యాహ్నం మూడింటికి డాక్టరు బొమ్మ రాయైపోతోంది."

ఆసుపత్రంటే మూడు గదులు.
టీకాల ఫ్రిజ్ మీద రౌటరు,
రౌటరు వెచ్చదనానికి దాని మీద ఆరబోసిన చింతపిక్కలు.
నర్సు కుముదిని ముందే చెప్పేసింది,
"స్పీడు చూశాం బాబూ, బానే ఉంది. ముప్పై వస్తోంది."

ముప్పై వస్తోంది, నిజమే.
రోడ్డు వెడల్పు చెప్పావు తల్లీ,
సంతరోజున దాని మీద కదలిక ఎంతో
అది కదా చూడాల్సింది.

పింగ్ కొట్టి కూర్చున్నాను.
సగటు నలభై మిల్లీసెకన్లు.
సగటంత మర్యాదగా అబద్ధమాడేది ఇంకోటి లేదు.
తొమ్మిది బస్సులు వేళకొచ్చి
పదోది ఘాటీ మలుపులో పడుకుంటే
ఆ పదోదాని కోసం నించున్నవాడికి సగటుతో ఏం పని?

మూడైంది.
తెర మీద బరంపురం నుంచి డాక్టర్ సాబత్.
మూలన చిన్న చదరంలో, నువాగడ నుంచి, ఎస్తేరు రైతా,
సవరని ఒడియాలోకీ ఒడియాని సవరలోకీ మోసే మనిషి.
ఇటు బల్ల మీద సుంబారి,
ఎడమ రొమ్ము కింద అరచెయ్యి ఆనించి.

నలభై. అరవై. నాలుగొందలు. పదహారు వందలు.

నొప్పి ఎప్పట్నుంచని ఎస్తేరు అడిగింది.
సుంబారి చెప్పింది.
చెప్పింది ఇంకా దారిలోనే ఉంది.
అటు వాళ్లకి నిశ్శబ్దం అందింది.
డాక్టరు మళ్లీ అడిగాడు, గొంతు కాస్త పెంచి.
ఆ ప్రశ్నా ఈ జవాబూ ఎదురెదురుగా గుద్దుకున్నాయి.
పెద్దమనిషి మాటకి అడ్డొచ్చాననుకుని
సుంబారి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ చెంగు నా గ్రాఫులో పడదు.

ఒక్క ప్యాకెట్టూ పోలేదు. అదే జబ్బు.
వెతగ్గా వెతగ్గా దొరికింది,
వెనక గదిలో మందుల స్టోరు కెమెరా.
రోజంతా చూసిందంతా మూడింటికి భువనేశ్వర్ పంపుతోంది.
ఖాళీ బీరువాలు, తలుపు నీడ, ఒక బల్లి.
రౌటరు పాపం మంచిది, ఎవర్నీ పొమ్మనదు.
బల్లి వెనక బల్లి, బల్లి వెనక బల్లి,
ఆ వరస చివర
నొప్పి అనే మాట నిలబడి ఉంది.

ఎక్కువ మెమరీ ఉన్న పెద్ద రౌటరు కొనమన్నారట ఎవరో.
కొంటే వరస ఇంకా పొడుగవుతుంది.
ఉత్తరం రేపొచ్చినా ఉత్తరమే.
మాట అలా కాదు,
వేళ దాటి వస్తే వేరే ప్రశ్నకి జవాబవుతుంది.

అంచేత కెమెరాని రాత్రి రెండింటికి తోశాను.
వరసని కురచ చేశాను.
చిన్నవాటిని ముందు పోనిమ్మన్నాను,
మాటలెప్పుడూ చిన్నవే.
ఆలస్యమైనదాన్ని వదిలెయ్యడం రౌటరుకి నేర్పాను.
నాకింకా చేతకాలేదు.

మర్నాడు మూడు.
నిన్న చెప్పలేనిది చెప్పుకోడానికి
సుంబారి మళ్లీ కొండ దిగొచ్చింది.
గీత ఈతచాపలా చదునుగా పరుచుకుంది.
అయినా ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఓ ఖాళీ.
నాలుగు సెకన్లు. ఒకోసారి ఐదు.
తీగలన్నీ తడిమాను. టవరు దగ్గరి కుర్రాణ్ణి విసిగించాను.
ఆఖరికి లెక్కలొదిలి తెర వైపు చూస్తే
ఎస్తేరు, కళ్లు పైకెత్తి, పెదాలు కదుపుతోంది.
సుంబారి అన్నది పొడిచినట్టా, బరువెట్టినట్టా,
లోపల ఎవరో చేత్తో పట్టుకున్నట్టా,
ఒడియాలో దానికి సరిపడే మాట కోసం.
డాక్టరు ఆగాడు.
సుంబారి ఆగింది. చెంగు ఒళ్లోనే ఉంది.

"పిండినట్టు," అంది ఎస్తేరు.
డాక్టరు కలం కింద పెట్టి
ఇప్పుడే బండి ఎక్కించండన్నాడు.

రిపోర్టులో రాశాను:
మిగిలిన ఆలస్యం, నాలుగు సెకన్లు.
కారణం, ఎస్తేరు ఆలోచిస్తోంది.

తీసుకున్న చర్య అనే గడి నింపలేదని
కాగితం రెండుసార్లు తిరిగొచ్చింది.
ఇంకా నా దగ్గరే ఉంది.